మా కారుకు నేను అంటించిన జబ్బు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయిన మార్చిలో మా కారుకు వచ్చిన జబ్బు దేవుడిచ్చింది కాదు, వయసు మీద పడి వచ్చింది కాదు. మా వంటింటి అలమారలోంచి వచ్చింది.

నా సంగతి మీకు తెలుసు. మా ఊరు వాలరూ రేవులో ధాన్యం గోదాముల దగ్గర ముప్పై ఏళ్ళు బార్లీలో తేమ కొలిచి రిటైరయ్యాను. గింజ కొరికి తేమ ఎంతుందో చెప్పేస్తాను. ఇంజిన్‌లో నీళ్ళెక్కడుంటాయో, నూనె ఎక్కడుంటుందో మాత్రం నాకు ఈనాటికీ అనుమానమే.

మా ఆవిడ గ్లెనిస్ ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సు వారానికి రెండుసార్లు గోధుమ పొలాల మధ్య పొగలు కక్కుతూ ఆగేది. నలభై మంది పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి, ఇంజిన్ మూత ఎత్తి, తనే బాగుచేసుకుని బండిని ఇంటికి చేర్చేది. అలాంటి మనిషిని మోసం చెయ్యాలని ఎలా అనిపించిందిరా అంటారు. నా లెక్క నాది. బస్సుకు ఇంజిన్ వెనక ఉంటుంది, కారుకు ముందు ఉంటుంది. ఆమెకు తెలిసినవన్నీ వెనక సంగతులే అనుకున్నాను.

గొడవ ఒక గురువారం పొద్దున మొదలైంది. మా ఫ్రిజ్ తలుపు మీద ఆటుపోట్ల పట్టిక అంటించి ఉంటుంది. శనివారం ఉదయం ఏడింటికి సముద్రం ఆ ఏడాది మొత్తంలో అన్ని రోజులకన్నా వెనక్కి పోతుందని అందులో రాసి ఉంది. అలాంటి రోజు మూంటా తీరంలో మోకాలి లోతు నీళ్ళలో ఇనప పళ్ళ దంతె పట్టుకుని నిలబడితే చాలు, నీలి పీతలు క్యూ కట్టి వచ్చి బకెట్లో దూకుతాయి. ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాను. పది రోజులుగా నాకు కుర్చీలో కూర్చుంటే కాలు నిలవదు, నిలబడితే చెయ్యి నిలవదు.

గ్లెనిస్ టోస్టు కొరుకుతూ తలెత్తకుండా అంది. "శనివారం పొద్దున్నే బ్రోకెన్ హిల్ వెళ్తున్నాం."

"ఎవరం?"

"నువ్వూ నేనూ. మొర్వెన్నా ఫోన్ చేసింది."

నా చేతిలో టీ ఒలికింది. మొర్వెన్నా ఆమె అక్క, బ్రోకెన్ హిల్‌లో ఉంటుంది. చిన్నప్పుడు గ్లెనిస్ ఆమెను ముద్దుగా 'వెన్నా' అని పిలిచేదట. ఆ వెన్న గడ్డకట్టి నాలుగేళ్ళయింది. మా అత్తగారు పోయిన రోజు వచ్చినవాళ్ళకు పెట్టిన పాస్టీల దగ్గర వచ్చింది తగువు. పాస్టీ అంటే మా రాగి గనుల వాళ్ళ ప్రాణం. మాంసం, దుంపలు, ఉల్లిపాయ పెట్టి మడిచి కాల్చిన పెద్ద కజ్జికాయ అనుకోండి. అందులో మొర్వెన్నా క్యారెట్ వేసింది. మా వాళ్ళలో పాస్టీలో క్యారెట్ వెయ్యడమంటే చర్చిలో చెప్పులు విసరడమే. "అమ్మ ఉంటే ఆ క్యారెట్‌తోనే నిన్ను కొట్టేది" అని గ్లెనిస్ పదిమందిలో అనేసింది. అంతే. ఆ తర్వాత క్రిస్మస్ కార్డు కూడా లేదు.

"నువ్వొక్కదానివే వెళ్ళి రారాదూ? అక్కాచెల్లెళ్ళు మనసు విప్పి మాట్లాడుకుంటారు, మధ్యలో నేనెందుకు, పానకంలో పుడకలా?"

"నాకు తోడు కావాలి."

"నలభై మంది పిల్లల్ని ఒక్కదానివే తోలావు!"

"మెర్వ్. తోడు కావాలన్నాను."

ఆ మాట అన్న తీరు ఇంకొకడైతే గమనించేవాడు. నేను ఫ్రిజ్ తలుపు చూస్తున్నాను.

మధ్యాహ్నం రేవు గట్టు మీద నా నేస్తం టైనీ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. టైనీ అంటే బుల్లోడు, వాడేమో ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మా ఊళ్ళో ముద్దుపేర్లన్నీ ఇలాగే తలకిందులుగా ఏడుస్తాయి.

"దీనికింత ఏడుపెందుకురా?" అన్నాడు గాలానికి పురుగు గుచ్చుతూ. "కారు పోతే ప్రయాణం పోతుంది."

"కారు గుండ్రాయిలా ఉంది కదరా!"

"గుండ్రాయికి గుండెపోటు తెప్పించు. హెడ్ గాస్కెట్ పోయిందను."

వాడు చెప్పింది ఇదీ. ఇంజిన్ మొండేనికీ తలకీ మధ్య పల్చటి అట్టలాంటి రేకు ఒకటి ఉంటుందట. అది చిరిగితే నూనె నీళ్ళలోకి, నీళ్ళు నూనెలోకి చేరతాయి. ఆయిల్ పోసే మూత విప్పితే అడుగున మీగడ కడుతుంది. పక్కన ఉండే కూలెంట్ సీసాలో ఆకుపచ్చ నీళ్ళకు బదులు బురద కనిపిస్తుంది.

"ఆ రెండూ చూస్తే మెకానిక్కులే టోపీ తీసి మౌనం పాటిస్తారు. ఆ కారేసుకుని నాలుగొందల కిలోమీటర్ల ఎండలోకి ఎవడూ పోడు."

"ఇప్పటికిప్పుడు మీగడెక్కడ తేను, బురదెక్కడ తేను?"

టైనీ నావైపు జాలిగా చూశాడు. "మీ ఇంట్లో వంటిల్లు లేదురా?"

ఆ సాయంత్రం గ్లెనిస్ పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బుకు వెళ్ళగానే వాకిట్లో కారు దగ్గరికి చేరాను. మయొనేజ్‌లో చిటికెడు కాఫీ పొడి కలిపి ఆయిల్ మూత అడుగున పూశాను. అచ్చం జబ్బు మీగడే. కూలెంట్ సీసాలోకి గ్రేవీ పొడి వేశాను. ఆదివారం కాల్చిన మాంసం మీద పోసుకునే గోధుమరంగు పులుసు ఉంటుందే, దాని పొడి. మూడు చెంచాలు వేస్తే టీలా ఉంది. ఇంకో నాలుగు వేశాను. బురదయింది. ఇంజిన్‌కు హాని చేసే ఉద్దేశం నాకు లేదు సుమండీ. సీసా వేరు, ఇంజిన్ వేరు కదా, సీసాలో వేసింది సీసాలోనే ఉంటుందని నా నమ్మకం.

శుక్రవారం పొద్దున బానెట్ ఎత్తి కేక పెట్టాను.

"గ్లెనిస్! కొంప మునిగింది!"

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్నడూ లేంది నువ్వు బానెట్ ఎందుకెత్తావ్?"

"దూర ప్రయాణం కదా, జాగ్రత్త కోసం."

"పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో నీకు జాగ్రత్త ఇవాళ పుట్టిందా?"

"అది కాదు. హెడ్డు పోయింది!"

"ఎవరిది?"

"కారుది!"

"అదీ సంగతి. నీదైతే కొత్త విషయమేం కాదు," అని వంగి చూసింది. మూత విప్పి మీగడ చూసింది. తర్వాత ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి గుడ్డకు తుడిచి, మళ్ళీ ముంచి తీసింది. "నూనె తేనెలా మెరుస్తోంది. మూతకి మాత్రం మీగడ."

"మీగడ ఎప్పుడూ పైకే కదా తేలేది! పాల మీద చూళ్ళేదూ?"

ఆమె చల్లగా ఉన్న రేడియేటర్ మూత తిప్పింది. లోపల నీళ్ళు నిమ్మాకులా ఆకుపచ్చగా, తేటగా ఉన్నాయి. పక్కన సీసాలో బురద.

"విచిత్రంగా ఉందే. తొట్టి శుభ్రంగా ఉంది, సీసా చెడింది."

"రోగం సీసాలోనే మొదలవుతుంది," అన్నాను. "మా బాబాయికి కూడా అలాగే మొదలైంది."

గ్లెనిస్ పెదవి బిగించి మూత పెట్టేసి ఇంజిన్ స్టార్ట్ చేసింది. "వేడెక్కనిద్దాం. అప్పుడు తెలుస్తుంది."

తెలిసింది. పది నిమిషాలకు వేడి నీళ్ళు పొంగి సీసాలోకి వచ్చాయి. గ్రేవీకి వేడి తగిలితే ఏమవుతుందో వంటొచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు. సీసాలో కుతకుత మొదలైంది. చిక్కబడింది. ముందు చిన్న బుడగ, తర్వాత పెద్ద బుడగ, తర్వాత మూత పక్కనుంచి గోధుమరంగు నురుగు జారి నేల మీద పడింది. వాకిలంతా కాల్చిన గొడ్డు మాంసం వాసన.

"ఏమిటి మెర్వ్, ఈ కమ్మటి వాసన?"

"పక్కింటివాళ్ళు వంట మొదలెట్టినట్టున్నారు."

"పొద్దున తొమ్మిదింటికా?"

అంతలో పక్కింటివాళ్ళ కుక్క, పేరు డీజిల్, కంచె మీంచి ఒక్క దూకు దూకింది. నాలుక బయటపెట్టుకుని నేల మీద నురుగువైపు బాణంలా వస్తోంది. నేను నవ్వబోయాను. గ్లెనిస్ నవ్వలేదు. ఎగిరి దాని మెడపట్టీ పట్టుకుని అరిచింది.

"పట్టుకో! దాని నోరు అటు పోనివ్వకు! కూలెంట్ విషం మెర్వ్, రెండు గుక్కలు తాగితే రేపటికి ఉండదు!"

డీజిల్ నడుము రెండు చేతులా వాటేసుకుని నేల మీద కూలబడ్డాను. అది నన్నీడ్చుకుంటూ నురుగువైపు పోతోంది. గ్లెనిస్ గొట్టంతో నీళ్ళు కొట్టి నేలంతా కడిగి, ఇసుక చల్లి, కుక్కను దాని ఇంట్లో అప్పజెప్పి వచ్చింది.

"మామూలుగా కుక్కలకి దీని తీపి ఒక్కటే ఆశ," అంది మెల్లగా. "మాంసం వాసన కూడా తోడైతే ఆపేదెవరు?"

నేను అప్పుడే చెప్పేయాల్సింది. కానీ సముద్రం మర్నాడు ఏడింటికే వెనక్కి పోతుంది కదా.

ఇంజిన్ చల్లారడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టమాటా మొక్కలకు నీళ్ళు పోశాను. పోసిన సంగతి మర్చిపోయి మళ్ళీ పోశాను. కోళ్ళకు రెండుసార్లు గింజలు వేస్తే అవే నన్ను అనుమానంగా చూశాయి. ఫ్రిజ్ తలుపు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను, సముద్రం మనసేమన్నా మార్చుకుందేమోనని.

పదకొండున్నరకు గ్లెనిస్ రేడియేటర్ మూత విప్పింది. పొద్దున నిమ్మాకులా ఉన్న నీళ్ళు ఇప్పుడు బురద.

"ఇదెలా?" అని నిజంగానే అరిచాను.

"చల్లారేటప్పుడు సీసాలోదంతా గుటకేసి లోపలికి లాక్కుంటుంది," అంది గ్లెనిస్. "సీసాలో ఏముంటే అది ఇంజిన్ కడుపులోకే పోతుంది. నీకు తెలీదా?"

నాకు తెలీదు. ఏడు చెంచాల గ్రేవీ ఇప్పుడు మా కారు నరనరాల్లో పారుతోంది. దొంగ జబ్బు తెప్పించబోయి నిజం జబ్బే తెప్పించానేమో అనుకున్నాను.

ఆమె బస్సు డిపో రోజుల నాటి గాజు గొట్టమొకటి తెచ్చింది. పైన రబ్బరు బుడ్డి, లోపల నీలం ద్రవం. "ఇది రేడియేటర్ నోటి మీద పెట్టి లోపలి గాలి పీలిస్తే నిజం చెప్పేస్తుంది. గాస్కెట్ చిరిగితే కాలిన పొగ నీళ్ళలోకి చేరుతుంది. పొగ తగిలితే నీలం పోయి పసుపు వస్తుంది. నీలం నీలంగా ఉంటే మనం ప్రయాణానికి బట్టలు సర్దుకోవచ్చు."

ఇంజిన్ స్టార్ట్ చేసి గొట్టం పెట్టి, బుడ్డి నొక్కుతూ కూర్చుంది. నీలం. ఐదు నిమిషాలయింది. నీలం. ఆకాశమైనా అంత నీలంగా ఉండదు. నేను మనసులో పీతలకు వీడ్కోలు చెబుతున్నాను.

"ఫోన్ మోగుతోంది," అని గ్లెనిస్ లేచింది. "దీన్ని చూస్తుండు, ఇప్పుడే వస్తా."

ఆమె లోపలికి వెళ్ళగానే గొట్టం తీశాను. పొగ కావాలి కదా? మనిషి వదిలే ఊపిరి కూడా పొగకు చుట్టమేనని ఎక్కడో విన్నాను. కింది కొస నోట్లో పెట్టుకుని బుడగలు వచ్చేలా ఊదాను. పదిసార్లు ఊదాను. నీలం వెలిసి ఆకుపచ్చయింది. ఇంకో పదిసార్లు ఊదాను. కళ్ళు తిరిగాయి. పసుపుపచ్చయింది! పెదవి మీద ఒక చుక్క పడితే తుడుచుకుని గొట్టం మళ్ళీ రేడియేటర్ మీద పెట్టి, చేతులు కట్టుకుని, ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టడం మొదలెట్టాను.

గ్లెనిస్ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"పసుపు," అంది.

"అయ్యో," అన్నాను.

ఇంజిన్ ఆపి లోపలికి వెళ్ళింది. నేను జేబులోంచి ఫోన్ తీసి టైనీకి 'పీతలు ఖాయం' అని కొట్టబోతున్నాను. వల తలుపు అవతలనుంచి ఆమె గొంతు వినిపించింది.

"వెన్నా, నేనే... లేదే, రాలేం... కారు పోయింది... నిజమే చెబుతున్నా... సాకు కాదే! ఎందుకు సాకు చెబుతాను? నాలుగేళ్ళు ఈ రోజు కోసమే కదా... వెన్నా! వెన్నా, పెట్టెయ్యకు..."

వల తలుపు చప్పుడైంది.

వచ్చి మెట్టు మీద కూర్చుంది. చేతిలో సెల్‌ఫోన్ అలాగే ఉంది. "నేను రావడం ఇష్టంలేక నెపం కారు మీద పెట్టాననుకుంది మెర్వ్. ఇంక ఎప్పటికీ ఫోన్ చెయ్యదు." ఆ ఫోన్‌ని రెండు చేతులా నలుపుతోంది. నలభై మంది పిల్లల్ని పెట్టుకుని వరద కాలవ దాటించిన చేతులు అవి.

నా పక్కటెముకల్లో ఏదో పీతలా గిల్లింది. పొద్దున్నించీ ఒకచోట నిలవని కాళ్ళు అప్పుడు ఆగాయి. లేచి లోపలికి వెళ్ళాను. ఇంటి ఫోన్ పక్క పుస్తకంలో నంబరు వెతికి, బ్రోకెన్ హిల్‌కు కలిపాను. రెండో మోతకే ఎత్తింది.

"మొర్వెన్నా, నేను మెర్విన్‌ని. పెట్టెయ్యకు, చెప్పేది విను. గ్లెనిస్ తప్పేం లేదు. కారుకే జబ్బూ లేదు. పీతల కోసం నేనే కూలెంట్ సీసాలో గ్రేవీ కలిపాను. ఆయిల్ మూతకు మయొనేజ్ పూశాను. గొట్టంలో ఊపిరి ఊది పసుపు చేశాను. పక్కింటి కుక్క చావబోయింది. నేను వట్టి వెధవని. కావాలంటే నన్ను తిట్టు. గ్లెనిస్ మీద మాత్రం కోపం పెట్టుకోకు. నాలుగేళ్ళుగా అది..."

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"మెర్విన్," అంది మొర్వెన్నా, "నేనెందుకు కోప్పడతాను? గ్లెనిస్ నాకివాళ ఫోనే చెయ్యలేదే."

నేను గోడకు చేరబడ్డాను.

వెనక్కి తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో గ్లెనిస్. చేతిలో ఖాళీ గ్రేవీ డబ్బా.

"నువ్వు... ఇందాక ఎవరితో మాట్లాడావ్?"

"ఎవరితోనూ కాదు. అంతకుముందు ఫోనూ మోగలేదు. నన్ను లోపలికి పంపి నువ్వేం చేస్తావో చూద్దామని కర్టెన్ వెనక నిలబడ్డాను. బూర ఊదినట్టు ఊదావు మెర్వ్, బుగ్గలు పగిలిపోతాయేమోనని నాకే భయమేసింది."

"మరి ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూత విప్పినప్పుడే. ముప్పై ఎనిమిదేళ్ళుగా నీకు శాండ్‌విచ్‌లు చేసి పెడుతున్నాను, మయొనేజ్ వాసన నాకు తెలీదా?"

"మరి ఆ ఏడుపు?"

ఆమె డబ్బా బల్ల మీద పెట్టింది. "మాటలు కల్పించినవే. భయం మాత్రం కల్పించింది కాదు. దాని ఇంటి ముందు దిగి ఏం మాట్లాడాలో తెలీక, అది ఫోన్ చేసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టడంలేదు. అందుకే తోడు కావాలన్నాను. నువ్వు విన్లేదు."

అప్పుడు చూసుకున్నాను, రిసీవర్ ఇంకా నా చేతిలోనే ఉంది. అందులోంచి ఏదో కీచుమని చప్పుడు. ఫోన్ పాడైందేమోనని చెవికి ఆనించాను. మొర్వెన్నా నవ్వుతోంది. ఊపిరాడక, వెక్కిళ్ళు పడుతూ, "గ్రేవీ... గ్రేవీయా!" అంటూ నవ్వుతోంది. గ్లెనిస్ రిసీవర్ లాక్కుంది.

"విన్నావా వెన్నా?... అంతా విన్నావా?... ఏడు చెంచాలే! ఏడు!... కాదే, ఆ కుక్క..."

అక్కడే గచ్చు మీద కూలబడి గంటన్నర మాట్లాడింది. నన్ను చూపుడువేలితో వాకిలివైపు పంపించింది.

ఆ మధ్యాహ్నమంతా నేను కారు కింద పడుకున్నాను. రేడియేటర్ కింది గొట్టం ఊడదీస్తే బకెట్లోకి పులుసు జారింది. ఆ బకెట్ మీద మూత బిగించి, డీజిల్ చూడకుండా షెడ్డు అటక మీదికి ఎక్కించాను. మంచినీళ్ళు పోసి, ఇంజిన్ తిప్పి, చల్లార్చి, దింపి, మళ్ళీ పోసి. మూడోసారికి రంగు పోయింది. అయిదోసారికి వాసన పోయింది. ఆరోసారి గ్లెనిస్ వచ్చి చూసి, "ఇంకోసారి," అంది. టైనీ ఫోన్ చేసి పీతల సంగతి అడిగితే, నా తరఫున ఆమే మాట్లాడింది. ఏమందో తెలీదు కానీ, వారం రోజులపాటు టైనీ మా వీధిలోకి రాలేదు.

కొత్త ఆకుపచ్చ కూలెంట్ పోసి శనివారం తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాం. క్రిస్టల్ బ్రూక్ దాటినా, పీటర్‌బరో దాటినా నా చూపు రోడ్డు మీద లేదు, వేడి చూపించే ముల్లు మీదే ఉంది. గ్లెనిస్ దారి పొడుగునా సీట్లో కదులుతూనే ఉంది. కిటికీ దించేది, ఎత్తేది. "ముందు హలో అనాలా, క్షమించమనాలా?" అనేది. "ముందు హలో," అనేవాణ్ణి. యుంటా దగ్గర పెట్రోలు పోయించేటప్పుడు మళ్ళీ అడిగింది. "హలో," అన్నాను. ఈసారి వింటూనే ఉన్నాను.

బ్రోకెన్ హిల్ చేరేసరికి ఎండ నలభై దగ్గరుంది. మొర్వెన్నా రేకుల ఇంటి ముందు కారు ఆగింది. నేను ఇంకా బెల్టు విప్పుకోలేదు, మొర్వెన్నా ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. గ్లెనిస్ దిగబోయింది. మొర్వెన్నా ఆగకుండా నా వైపు తలుపు లాగి, "నువ్వు దిగు," అని నన్ను దింపి, స్టీరింగ్ ముందు నా సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. ఎవరూ హలో అనలేదు. ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల పెట్టుకున్నారు.

నేను రెండు సూట్‌కేసులు పట్టుకుని ఎండలో నిలబడ్డాను. పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఇంజిన్ ఆడుతోంది, లోపల ఏసీ చల్లగా తిరుగుతోంది, అద్దాల అవతల ఇద్దరూ చేతులూపుకుంటూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలీకుండా మాట్లాడుకుంటున్నారు. నెత్తిన పెనం పెట్టినట్టుంది. ఆఖరికి అద్దం మీద వేలితో తట్టాను.

అద్దం ఒక్క అంగుళం దిగింది.

"ముల్లు చూస్తున్నాం మెర్వ్," అంది గ్లెనిస్ కళ్ళు తుడుచుకుంటూ. "దూరం నుంచి వచ్చిన ఇంజిన్‌ని ఒక్కసారిగా ఆపకూడదు. నువ్వు లోపలికెళ్ళి టీ పెట్టు."

"పంచదార ఎక్కడుంటుందో నాకు తెలీదే!"

"వాసన చూసి కనుక్కో," అంది మొర్వెన్నా.

అద్దం పైకి పోయింది.